రెండో రంధ్రం

ఉత్తరం ఫిబ్రవరిలో వచ్చింది,
సరస్సు అంచున మంచు ఇంకా గట్టిగా ఉండగానే.
దయచేసి బండి నడపకండి, అని మొదటి వాక్యం.
రెండో వాక్యం మన్నింపు.
కారణం మాత్రం మూడో పేజీలో, చీమంత అక్షరాల్లో:
కనెక్టింగ్ రాడ్ బోల్టుల బిగింపులో తేడా ఉండొచ్చు.

ఉండొచ్చు.
ఆ ఒక్క మాట మోసుకుని
ఏడువందల కొత్త ఇంజిన్లు చెక్కపెట్టెల్లో బయల్దేరాయి.
తేడా ఎందులో ఉందో ఎవరికీ తెలీదు.
విప్పి చూసే గంటలకి కూలి కట్టి,
మళ్ళీ దానికి పూచీ పడే కన్నా
కొత్తది బిగించడం చవకని
పైన ఎవరో లెక్క తేల్చారు.
ఒక గుడ్డు మురిగిందేమోనని
గంపంతా దిబ్బ మీద కుమ్మరించడం.

క్లాగెన్‌ఫుర్ట్‌లో మా షెడ్డుకి మూడొచ్చాయి.
మొదటాయన బండి వంకే చూడలేదు,
మేమిచ్చిన అద్దె కారు రంగు బాలేదని రెండుసార్లు ఫోన్ చేశాడు.
రెండో ఆయన లాయరు.
ఇంజిన్ నంబరు మారితే రేపు అమ్మకంలో ఎంత తరుగో
కాగితం మీద రాసిమ్మన్నాడు.
మూడోది హెడ్విగ్ ఒబర్లెర్ఖర్ గారిది.

నలభయ్యొక్క ఏళ్ళు చర్చిలో ఆర్గన్ వాయించి
చివరికి ఎర్ర స్పోర్ట్స్ కారు కొనుక్కున్న మనిషి.
మీటరు మీద రెండువందల పన్నెండు కిలోమీటర్లు.
ఒక్కసారీ నాలుగువేల ఆర్‌పీఎం దాటనివ్వలేదట,
పుస్తకంలో అలా రాసుందని.
బండి ట్రక్కు మీద వచ్చింది.
దాని వెనకే బస్సులో ఆవిడ.

"తీసేముందు ఒక్కసారి స్టార్ట్ చేస్తారా? వింటాను."
కుదరదన్నాను. రూలు.
"దీని తప్పేంటి?"
తెలీదన్నాను. అదీ నిజమే.
చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని
లిఫ్ట్ మీద లేచిన బండిని కింది నుంచి చూసింది,
ఆస్పత్రిలో అయినవాళ్ళని
మొదటిసారి గౌనులో చూసినట్టు.

దించిన ఇంజిన్ని ఏం చెయ్యాలో కంపెనీ రాసింది:
బ్లాకుకి పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రం,
నంబరు కనబడేలా ఫోటో,
ఇంకెవరూ వాడుకోకుండా.
విప్పమని ఎక్కడా లేదు.
విప్పొద్దని ఉంది.

ఆ రాత్రి విప్పాను.
కుర్రాడు ఎర్నెయ్ టార్చి పట్టుకున్నాడు.
ఆయిల్ ట్రే దించి, క్రాంకు తిప్పుకుంటూ
టార్క్ రెంచ్ వేశాను ఒక్కోదానికీ.
టిక్.
టిక్.
పన్నెండు బోల్టులు, పన్నెండు టిక్‌లు.
ఒక్కటీ వెంట్రుకవాసి కదల్లేదు.
బేరింగుల మీద ఇంకా ఫ్యాక్టరీ నూనె మెరుపు.

"ఆవిడకి చెబుతామా?" అన్నాడు ఎర్నెయ్.
చెబితే ఏం చేస్తుంది, ఏడుస్తుంది.
కంపెనీకి చెబితే?
వాళ్ళ ఫారంలో గడులు రెండే:
తీశాము. ధ్వంసం చేశాము.
బావుంది, అని రాసే చోటు లేదు.
కందకి లేని దురద కత్తిపీటకెందుకని
ట్రే మూసేసి డ్రిల్లు అందుకున్నాను.

అల్యూమినియం మెత్తన.
వెండి చుట్టలు నా బూట్ల మీద పడ్డాయి.
ఉద్యోగంలో చేరిన ఇరవయ్యారేళ్ళలో
బాగున్నదాన్ని పాడుచెయ్యడానికి
ఓవర్‌టైం తీసుకోవడం అదే మొదలు.

పదో రోజు ఆవిడ తాళాలు తీసుకుంది.
మీటరు రెండువందల పన్నెండు దగ్గరే ఉంది.
ఇంజిన్‌కి మాత్రం ఇది సున్నా అని,
మళ్ళీ మొదట్నుంచీ మెల్లగా నడపాలని చెప్పాను.
నవ్వింది. స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని,
కాసేపు అలాగే కూచుంది.
"ఇది వేరే గొంతు," అంది.
"అలవాటవుతుంది లెండి."
ఎవరికి చెప్పిందో.

శుక్రవారం కంపెనీ నుంచి జవాబు:
ఫోటోలో రంధ్రం స్పష్టంగా లేదు.
దయచేసి ఇంకొకటి వెయ్యగలరు.